ఏలినవారి రాజ్యంలో ఎన్నికలు

మౌలాలి గుట్టను ఎరుగనివారు హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలలో అరుదు. కుతుబ్‌షాహీ సుల్తానుల కాలంనుంచి ఆ గుట్టమీద దర్గా ఉన్నది. రజబ్ మాసంలో జరిగే ఉరుసుకు మహమ్మదీయులే కాక హిందువులు కూడ మెట్లెక్కి వెళ్ళి మొక్కులు చెల్లించుకోవడం పరిపాటి. గుట్ట దిగువనుంచి కాజీపేట వైపు రైలుమార్గం పోతుంది. ఒక దిక్కున లాలాగూడ రైల్వే కర్మాగారం, మరొక దిక్కున నాచారం, ఆపైన ఉప్పల్. ఒకప్పుడు ఇవి వేరువేరు పల్లెలు. ఇప్పుడు మహానగరంలో కలిసిపోయాయి.

ఈ ప్రాంతంలో చాలాభాగం మల్కాజిగిరి లోకసభ నియోజకవర్గంలో చేరి ఉన్నది. 2019 ఎన్నికలనాటికి ఆ ఒక్క నియోజకవర్గంలో ముప్పై లక్షలకు పైగా వోటర్లు నమోదయి ఉన్నారు. దేశంలో మరే లోకసభ నియోజకవర్గంలోను అంతమంది లేరు. మేడలో ఉండేవారి వోటు, ఆ మేడకు ఇటుకలు మోసినవారి వోటు అక్కడ లెక్కలో సమానమే. ఇందులో వింత ఏమున్నదని నేటి యువకులు అడగవచ్చు. పుట్టినప్పటినుంచి చూస్తున్న దానిలో వింత కనబడదు గదా. కాని ఎనిమిది దశాబ్దాల క్రిందట ఇదే గుట్ట క్రింద బ్రతికిన వారికి వోటు ఉండేదా? ఉంటే ఎవరికి? దానితో వారు చేయగలిగినది ఏమిటి? నిజాం ప్రభుత్వం కూడ శాసనసభకు ఎన్నికలు జరిపిన మాట వాస్తవమే కనుక, ఈ ప్రశ్నలను విచారించడం అవసరం.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. రాజు ఉన్నచోట ప్రజాప్రభుత్వం ఉండరాదనే నియమం లేదు. ఇంగ్లండులో రాజు ఉన్నాడు, జపానులో చక్రవర్తి ఉన్నాడు, స్వీడనులోను రాజు ఉన్నాడు. వారు సింహాసనంమీద ఉంటారు గాని పరిపాలన చేయరు. పరిపాలించే మంత్రులు పార్లమెంటుకు జవాబుదారులు. పార్లమెంటు విశ్వాసం కోల్పోయిన రోజున వారు దిగిపోవాలి. దీనినే బాధ్యతాయుత ప్రభుత్వం అంటారు. ఇందుకు భిన్నంగా రాజు తానే పరిపాలిస్తూ, ప్రక్కన ఒక సభను నిలుపుకొనే పద్ధతి మరొకటి ఉన్నది. ఈ రెండు పద్ధతులలోను ఎన్నికలు జరుగుతాయి, సభ్యులు ప్రమాణం చేస్తారు, ప్రశ్నలు అడుగుతారు. పైకి రెండూ ఒకే తీరున కనబడతాయి. తేడా తెలుసుకోవాలంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వోటు ఎవరికి ఉన్నది? ఎన్నికైన సభకు ఏయే విషయాలపై అధికారం ఉన్నది? సభ ఒకటి, ప్రభువు ఒకటి కోరినప్పుడు ఎవరి మాట చెల్లుతుంది?

హైదరాబాదు రాజ్యంలో శాసన నిర్మాణ సభ అనేది కొత్తగా వచ్చినది కాదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలోనే, 1893లో, శాసనమండలి ఏర్పడింది. అందులో అధికారులదే ప్రాబల్యం. చట్టాల ముసాయిదాలను పరిశీలించి సలహా చెప్పడం దాని పని. 1911లో సింహాసనమెక్కిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1919లో కార్యనిర్వాహక మండలిని నెలకొల్పారు. సర్ అలీ ఇమాం దానికి మొదటి అధ్యక్షుడు. పరిపాలన క్రమబద్ధం కావడానికి అది ఉపకరించింది. కాని ఆ మండలి సభ్యులను నియమించేది, తొలగించేది ఏలినవారే. ఫర్మానా వెలువడితే అదే చట్టం.

ఇక ప్రజల సంగతి. 1921లో ఆంధ్రజనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్రమహాసభ అయి, 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటిసారి సమావేశమయింది. అప్పటికే 1929లో వెలువడిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్నది. ప్రభుత్వ అనుమతి లేకుండా సభలు జరపరాదన్నది దాని సారాంశం. గ్రంథాలయాలు, పాఠశాలలు, వెట్టి నిర్మూలన వంటి విషయాలు మాట్లాడుకోవడానికి కూడ అనుమతి పత్రంకోసం తిరగవలసిన రోజులవి.

ఇదే కాలంలో కృష్ణానదికి ఆవల పరిస్థితి మారుతూ వచ్చింది. 1937 ఫిబ్రవరిలో మద్రాసు రాజధానిలో శాసనసభకు ఎన్నికలు జరిగాయి. అక్కడ కూడ అందరికీ వోటు లేదు. ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలుండేవి. గవర్నరుకు ప్రత్యేకాధికారాలుండేవి. అయినప్పటికీ మెజారిటీ సంపాదించిన కాంగ్రెసు పక్షం నాయకుడు రాజగోపాలాచారిగారు ఆ జూలైలో మంత్రివర్గం ఏర్పరచారు. బెజవాడలోని తెలుగువాడు వోటు వేస్తే మంత్రివర్గం మారింది. ఖమ్మంలోని తెలుగువాడు ఆ వార్తను పత్రికలో చదువుకున్నాడు. మధ్య దూరం కొన్ని గంటల ప్రయాణం మాత్రమే.

ఈ ఒత్తిడిని ప్రభుత్వం గ్రహించకపోలేదు. 1937 సెప్టెంబరులో దివాన్ బహదూర్ అరవముదు అయ్యంగారు అధ్యక్షతన ఒక సంస్కరణల సంఘాన్ని నియమించింది. న్యాయవాది కాశీనాథరావు వైద్యగారు ఆ సంఘ సభ్యులలో ఒకరు. వారి పేరు జ్ఞాపకముంచుకోవాలి, చివరలో మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది. సంఘం 1938లో నివేదిక సమర్పించింది. అదే సంవత్సరం హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు ఏర్పడబోగా, దానిని పుట్టకముందే ప్రభుత్వం నిషేధించింది. అక్టోబరులో సత్యాగ్రహం మొదలయి, అనేకులు చెరసాలలకు వెళ్ళారు. 1939 జూలైలో సంస్కరణలు ప్రకటించబడ్డాయి.

ఆ సంస్కరణల స్వరూపం ఇది. శాసనసభలో 85 మంది సభ్యులు. వారిలో ఎన్నికయ్యేవారు 42 మంది. తక్కినవారు ప్రభుత్వ పక్షానివారు, లేదా నామకం చేయబడినవారు. కనుక ఎన్నికైనవారంతా ఏకమై ఒక త్రాటిమీద నిలిచినా సభలో వారికి మెజారిటీ ఉండదు. ఇది మొదటి కట్టు.

రెండవది, వోటు ఇచ్చిన తీరు. ఊరు, పేట, తాలూకా అనే లెక్కన నియోజకవర్గాలు ఏర్పరచలేదు. వృత్తులనుబట్టి, ప్రయోజనాలనుబట్టి ఏర్పరచారు. జాగీర్దారులకు కొన్ని స్థానాలు, పట్టాదారులకు కొన్ని, కౌలుదారులకు కొన్ని, వర్తకులకు, బాంకులకు, వకీళ్ళకు, వైద్యులకు, పట్టభద్రులకు కొన్ని. ఈ విధానాన్ని సమర్థించినవారి వాదం కేవలం త్రోసిపుచ్చదగినది కాదు. చదువులేని విశాల ప్రజానీకానికి ఒక్కసారిగా వోటు ఇస్తే మతావేశాలు రేగుతాయనీ, ఒక వృత్తిలోనివారు తమ అవసరాలను బాగా ఎరుగుదురు కనుక తగిన ప్రతినిధిని ఎన్నుకుంటారనీ వారు చెప్పారు. అప్పటి ఐరోపాలో కూడ ఇటువంటి ఆలోచనలు కొన్ని దేశాలలో ప్రచారంలో ఉండేవి.

కాని ఈ పద్ధతిలో వోటు మనిషిది కాదు, అతని వృత్తిది, ఆస్తిది. పట్టా ఉన్నవాడు పట్టాదారుగా లెక్కకు వస్తాడు. పట్టా పోతే లెక్కలోనుంచి పోతాడు. ఏ పట్టీలోను ఇమడని మనిషి, ఉదాహరణకు సెంటు భూమిలేని పల్లెకూలి, దొరగారింట వెట్టి చేసే మనిషి, తనను ఏ వరుసలో వెదుక్కోవాలి? పరిపాలనవల్ల ఎక్కువ బాధపడేవాడే ప్రతినిధి లేనివాడయ్యాడు.

మూడవది, మతాలమధ్య పంపకం. 1941 జనాభా లెక్కలనాటికి హైదరాబాదు రాజ్యంలో కోటీ అరవై లక్షలమందికి పైగా ఉన్నారు. మహమ్మదీయులు ఇంచుమించు ఎనిమిదింట ఒక వంతు. సభలో మాత్రం హిందువులకు, మహమ్మదీయులకు సమాన సంఖ్యలో స్థానాలు నిర్ణయించారు. అంతమాత్రాన సామాన్య మహమ్మదీయునికి ఏదో దక్కిందనుకోవడం పొరపాటు. మౌలాలి ఉరుసులో తబర్రుకు అందుకునే నిరుపేద ముసల్మానుకు జాగీరు లేదు, పట్టా లేదు, డిగ్రీ లేదు. అతని పేరుమీద సీట్లు పెరిగాయి గాని అతనికి వోటు రాలేదు.

నాలుగవది అన్నిటికంటె ముఖ్యమైనది. మంత్రులు సభకు జవాబుదారులు కారు. ఏలినవారికి, వారి కుటుంబానికి, సైన్యానికి, బ్రిటిషు ప్రభుత్వంతోగల సంబంధాలకు చెందిన విషయాలు సభ పరిధికి వెలుపల ఉంచబడ్డాయి. సర్ఫెఖాస్ కూడ అంతే. సర్ఫెఖాస్ అంటే నిజాం ప్రభువు స్వంత ఖర్చుకై ప్రత్యేకించిన భూములు. నగరం చుట్టూ వ్యాపించిన అత్రాఫ్ బల్దా జిల్లా ఆ క్రిందికే వచ్చేది. అక్కడి రైతు శిస్తు ఏలినవారి స్వంత ఖజానాకు చేరేది. రాజధానికి కూతవేటు దూరంలో ఉండి కూడ, ఆ శిస్తుమీద రాజధానిలోని సభకు మాట లేదు.

ఈ ఏర్పాటు వెనుక ఒక సిద్ధాంతం ఉన్నది. ప్రభువు ప్రజలకు శాశ్వత ప్రతినిధి అనీ, ఎన్నికై వచ్చి పోయేవారికంటె ప్రజలతో ఆయన సంబంధమే సహజమైనదనీ ఆ సిద్ధాంతం చెప్పింది. తండ్రికి బిడ్డల అవసరాలు తెలియవా అన్నట్లు. ఏడవ నిజాం పాలనలో విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు, జలాశయాలు వెలసిన సంగతి ఎవరూ కాదనరు. కాని తండ్రిని మార్చే అధికారం బిడ్డలకు ఉండదు. ఎన్నికల ప్రయోజనమే అవసరమైనప్పుడు పాలకుని మార్చగలగడం. ఇక్కడ ఆ ప్రయోజనమే మినహాయించబడింది.

యుద్ధం రావడంతో సంస్కరణల అమలు వాయిదాపడింది. 1940లో మల్కాపురంలో జరిగిన ఆంధ్రమహాసభలో వీటిని గురించి తీవ్రమైన చర్చ సాగింది. తుదకు 1946లో ప్రభుత్వం సభ్యుల సంఖ్యను పెంచి ఎన్నికలకు సిద్ధపడింది. ఆ జూలై మొదట్లోనే స్టేట్ కాంగ్రెసుమీది నిషేధం తొలగింది. ఆగస్టులో సర్ మీర్జా ఇస్మాయిల్ ప్రధానమంత్రిగా వచ్చారు. ఆయన పూర్వం మైసూరు దివానుగా పేరుపొందినవారు. మైసూరులో 1881నుంచే ప్రజాప్రతినిధి సభ ఉండేది. మెల్లమెల్లగా మార్పు తేవచ్చునని నమ్మినవారాయన.

ఇప్పుడు ప్రజానాయకుల ముందు చిక్కు సమస్య నిలిచింది. ఈ ఎన్నికలలో పాల్గొనడమా, మానడమా? పాల్గొనాలనేవారి తర్కం తేలికైనది కాదు. దొరికిన మెట్టు ఎక్కితే రెండవ మెట్టు అందుతుంది. సభలో ఒక్క గొంతు ఉన్నా జాగీరు గ్రామాలలోని అన్యాయాలు దస్తావేజులకెక్కుతాయి. ఖాళీగా విడిచిన కుర్చీలో మరొకడు కూర్చుంటాడు. మానాలనేవారి తర్కం వేరు. ఎనిమిదేళ్ళు నోరు కట్టివేసి, విప్పిన కొద్ది నెలలకే పోటీకి రమ్మంటున్నారు. గెలిచినా మెజారిటీ రాదు. మెజారిటీ వచ్చినా మంత్రులు దిగరు. మనం పోయి కూర్చుంటే ఈ ఏర్పాటుకు ప్రజలు సమ్మతించారని లోకానికి చాటుకుంటారు. పల్లెలలో పరిస్థితి కూడ ఉద్రిక్తంగా ఉన్నది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి అయ్యాడు. అటువంటి సమయంలో పట్టాదారుల పట్టీ, వకీళ్ళ పట్టీ అంటూ వోటు అడగడానికి ఏ ముఖంతో పోవడం?

స్వామి రామానందతీర్థ నాయకత్వాన స్టేట్ కాంగ్రెసు ఎన్నికలను బహిష్కరించింది. ఇత్తెహాదుల్ ముసల్మీన్ పాల్గొన్నది. సభ ఏర్పడింది. బహిష్కరణకు మూల్యం లేకపోలేదు. అధిక సంఖ్యాకుల గొంతు వినబడని సభలో, మధ్యేమార్గం చెప్పగలవారు బలహీనులయ్యారు. ఈ నిర్ణయం సరియైనదా, కాదా అని నేటికీ చర్చించవచ్చు. కాని ఆ సభ విలువ ఎంతో తేల్చే పరీక్ష త్వరలోనే వచ్చింది.

1947 జూన్‌లో, బ్రిటిషువారు పోగానే హైదరాబాదు స్వతంత్ర రాజ్యమవుతుందని నిజాం ఫర్మానా ప్రకటించింది. కోటిన్నరకు మించిన ప్రజల భవిష్యత్తును నిర్ణయించే మాట అది. కొద్ది నెలల క్రిందటనే ఎన్నికైన సభ అదే నగరంలో ఉన్నది. అయినా మాట ఫర్మానాదే. నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథపు ఒడంబడిక కుదిరింది. దానిమీద సంతకం నిజాందే. తరువాత రజాకార్ల దౌర్జన్యాలు, పల్లెల దహనాలు, రెండు మతాలవారి కన్నీళ్ళు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17వ తేదీన యుద్ధవిరమణ వార్తను నిజాం స్వయంగా రేడియోలో చెప్పారు. దక్కన్ రేడియో 1935నుంచి ఆయన ప్రభుత్వానిది. పదమూడేళ్ళు ప్రజలకు ప్రభుత్వ వాక్కును వినిపించిన ఆ కేంద్రం, ఆ రోజున ప్రభుత్వం లొంగిపోయిన వార్తను వినిపించింది. రేడియో ఉన్న ఇళ్ళముందు జనం గుమిగూడి విన్నది ఒక మనిషి నిర్ణయాన్నే. రాజ్యం నిలవడంలోగాని, లొంగడంలోగాని సభ వోటుకు పని పడలేదు.

ఆ కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరింది. అంతకుముందే, 1949 ఫిబ్రవరిలో సర్ఫెఖాస్ దివానీలో విలీనమయింది. ఆగస్టులో జాగీర్ల రద్దు శాసనం వచ్చింది. నవంబరులో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ మరొక ఫర్మానా వెలువడింది. 1950 జనవరి 26న నిజాం రాజప్రముఖ్ అయ్యారు.

1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో ఇరవైయొక్క సంవత్సరాలు నిండిన ప్రతివారికి వోటు లభించింది. దేశంలో పదిహేడు కోట్లమందికి పైగా వోటర్లు నమోదయ్యారు. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్‌గారికి ఆనాడు ఎదురైన ఇబ్బందులలో ఒకటి చెప్పుకోదగినది. ఉత్తరాది రాష్ట్రాలలో ఎందరో స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని వ్రాయించుకున్నారు. స్వంత పేరు లేనిదే జాబితాలో ఉంచరాదని నిర్ణయించి, సుమారు 28 లక్షల నమోదులను తొలగించవలసి వచ్చింది. కఠినంగా తోచవచ్చు. కాని అందులో సూత్రం ఒకటే: వోటు ఇంటిది కాదు, పట్టాది కాదు, పేరుగల మనిషిది.

చదువురానివారికోసం ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెమీద గుర్తు. హైదరాబాదు శాసనసభకు 175 స్థానాలు. కాంగ్రెసుకు 93 వచ్చాయి. కమ్యూనిస్టు పార్టీమీద నిషేధం ఉన్నందున ఆ పక్షంవారు ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేసి 42 స్థానాలు గెలిచారు. నల్లగొండ లోకసభ స్థానంనుంచి రావి నారాయణరెడ్డిగారు మూడు లక్షలకు మించిన వోట్లతో ఎన్నికయ్యారు. ప్రభుత్వం వెంటాడిన పక్షం అదే ప్రభుత్వం జరిపిన ఎన్నికలలో గెలిచి ప్రతిపక్షంగా కూర్చోగలిగింది. మార్చి 6న బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి అయ్యారు. సభాపతి స్థానంలో కూర్చున్నవారు కాశీనాథరావు వైద్యగారు. అయ్యంగారు సంఘంలో సభ్యులైనవారే. రాజప్రముఖ్ హోదాలో ఉన్నది అదే ఉస్మాన్ అలీఖాన్. నగరం మారలేదు, మనుషులు పూర్తిగా మారలేదు. మారినది జవాబుదారీ. పూర్వం మంత్రి ఏలినవారి కటాక్షం కోల్పోతే దిగేవాడు. ఇప్పుడు సభ విశ్వాసం కోల్పోతే దిగాలి.

ఇది హైదరాబాదుకే పరిమితమైన పాఠం కాదు. నేపాలులో 1959లో సక్రమంగా ఎన్నికలు జరిగాయి. అందరికీ వోటు ఇచ్చారు. బి. పి. కొయిరాలా ప్రధానమంత్రి అయ్యారు. ఏడాదిన్నర తిరిగేసరికి, 1960 డిసెంబరు 15న, మహేంద్ర రాజు మంత్రివర్గాన్ని తొలగించి, ప్రధానిని నిర్బంధించి, పార్లమెంటును రద్దుచేశారు. మొదటి ప్రశ్నకు అక్కడ మంచి సమాధానమే ఉన్నది. మూడవ ప్రశ్నకు లేదు. ఆఫ్రికాలో స్వాజీలాండు అనబడి, 2018లో ఎస్వాటీని అని పేరు మార్చుకున్న చిన్న రాజ్యంలో 1973లో రాజు రాజకీయ పక్షాలను నిషేధించారు. 2023 సెప్టెంబరులో కూడ అక్కడ ఎన్నికలు జరిగాయి. వోటర్లు వరుసలలో నిలిచారు, వోట్లు లెక్కించారు. అభ్యర్థులు ఎవరికివారే వ్యక్తులుగా నిలబడ్డారు. ప్రధానమంత్రిని నియమించేది రాజే. వరుసలో నిలబడ్డవారి శ్రద్ధను తక్కువ చేయరాదు. కాని వారి వోటు ప్రయాణం ఎంతదూరమో ఆలోచించాలి.

కనుక ఎక్కడ ఎన్నికలు జరిగాయన్న వార్త విన్నా, ఎంతమంది వోటు వేశారన్న ప్రశ్నతో ఆగిపోరాదు. ఫలితం వెలువడిన మరునాడు పాలకునికి చేయరాని పని ఏమైనా ఏర్పడిందా అని కూడ అడగాలి. 1946లో హైదరాబాదులో అటువంటిది ఏర్పడలేదు. 1952లో ఏర్పడింది.

మౌలాలి గుట్టమీదికి నేడు మెట్లెక్కి పోయి చూస్తే నాలుగు దిక్కులా ఇళ్ళే కనబడతాయి. ఆ ఇళ్ళలోని వారిలో భూమి ఉన్నవారున్నారు, లేనివారున్నారు. పట్టభద్రులున్నారు, అక్షరం రానివారున్నారు. వోటర్ల జాబితాలో ఈ భేదాలేవీ కనబడవు. పేరు, వయస్సు, చిరునామా వంటి వివరాలే ఉంటాయి. వోటింగు రోజున సెలవు దొరికిందిగదా అని ఇంట కూర్చునేవారు ఒక్క సంగతి తలచుకోవాలి. ఆ జాబితాలో తమ తాతల పేరు చేరడానికి ఒక రాజ్యమే మారవలసి వచ్చింది.